పురి విప్పే ఎంజైమ్‌లు: కల్లు లొట్టి నుంచి క్యాన్సర్ దాకా

ఈసారి చరిత్రే, కానీ రాజులూ యుద్ధాలూ తక్కువ. ఒక ఎంజైమ్ చరిత్ర. భయపడకండి, నాది బీటెక్, బయాలజీ టెన్త్‌తోనే ఆగింది. అందుకే నాకు అర్థమైన భాషలోనే చెప్తా.

కథ మా రఘునాథపల్లి మండలం నుంచే మొదలుపెడదాం. 2016 వరకు మాది వరంగల్ జిల్లా, ఆ తర్వాత జనగామ జిల్లా అయింది. మా మండలంలో ఖిలాషాపూర్ అని ఒక ఊరు ఉంది. సర్దార్ సర్వాయి పాపన్న కోట అక్కడే. తాళ్లెక్కి కల్లు గీసే కుటుంబంలో పుట్టి, ఔరంగజేబు చనిపోయిన తర్వాత వచ్చిన గందరగోళంలో 1708లో ఓరుగల్లు మీద దండెత్తినాయన. మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ ఆయన్ని దోపిడీదొంగ అని రాశాడు. మన దగ్గర పాడుకునే కథల్లో మాత్రం వీరుడు. ఆ చర్చకు ఇంకో ఎపిసోడ్ కావాలి. నాకు ఇప్పుడు కావాల్సింది పాపన్న కాదు, పాపన్న లొట్టి.

ఈత చెట్టు నుంచో తాటి చెట్టు నుంచో తెల్లవారుజామున దిగే రసం తియ్యగా ఉంటుంది. అది నీరా. హైదరాబాద్ నెక్లెస్ రోడ్‌లో 2023లో నీరా కేఫ్ పెట్టారు చూడండి, అదే. దాన్ని కదిలించకుండా ఉంచితే పొద్దెక్కేసరికి నురగ పొంగి కల్లు అవుతుంది. ఎవరూ ఏమీ కలపరు. (కలిపే వాళ్లు వేరే రకం, మందు కలిపిన కల్లు తాగి జనం ఆస్పత్రి పాలవడం మనకు కొత్త కాదు. వాళ్ల గురించి మాట్లాడట్లేదు.) మరి నురగ ఎక్కడి నుంచి వచ్చింది? లొట్టి గోడలకు పట్టుకుని, గాల్లో, ఈగల కాళ్లకు అంటుకుని తిరిగే ఒక చిన్న ఫంగస్ వల్ల. బ్యాక్టీరియా కూడా ఓ చెయ్యి వేస్తుంది కానీ చక్కెరను ఆల్కహాల్‌గా మార్చే పనిలో పెద్ద వాటా ఈస్ట్‌ది. సాక్రోమైసిస్ సెరవిసియే అని దాని పేరు. బ్రెడ్‌లో అదే, బీర్‌లో అదే, మన కల్లులోనూ అదే.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పి ముందుకు వెళ్తా, నాకు బాగా నచ్చింది. "ఎంజైమ్" అనే మాట పుట్టింది 1870లలో. జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ క్యూనె పెట్టాడు. గ్రీకు నుంచి తీసుకున్న ఆ మాటకు అర్థం "ఈస్ట్ లోపల" అని. అంటే ప్రపంచంలో ఏ ఎంజైమ్ పేరు చెప్పినా, తెలియకుండా ఈస్ట్ పేరు చెప్తున్నట్టే.

సరే, అసలు సమస్య.

1953లో వాట్సన్, క్రిక్ డీఎన్ఏ ఆకారం చెప్పారు. రెండు పేటలు ఒకదాని చుట్టూ ఒకటి చుట్టుకుని ఉంటాయి. కాపీ ఎలా అవుతుంది? రెండు పేటలు విడిపోతాయి, ఒక్కో పేట పక్కన కొత్త పేట తయారవుతుంది. వినడానికి బాగుంది. స్కూల్ పుస్తకాల్లో దీన్ని ప్యాంటు జిప్‌తో పోలుస్తారు. ఆ పోలిక నాకు నచ్చదు. జిప్‌కు పురి ఉండదు కదా. డీఎన్ఏను గీత కార్మికుడి మోకుతో పోల్చండి. మోకుకు ఒక చివర గట్టిగా కట్టేసి, ఇంకో చివర నుంచి రెండు పేటలూ పట్టుకుని విడదీస్తూ పోండి. ఏమవుతుంది? విడిపోని భాగానికి ఇంకా ఇంకా పురి ఎక్కుతుంది. కాసేపటికి గుండ్రంగా చుట్టలు పడి, ఇక లాగడానికి కూడా రాదు.

1954లోనే మాక్స్ డెల్‌బ్రుక్ ఈ అభ్యంతరం లేవనెత్తాడు. డీఎన్ఏలో ప్రతి పదిన్నర అక్షరాల జతలకు ఒక చుట్టు. మనిషి జీనోమ్‌లో 300 కోట్ల జతలు. ఎన్ని కోట్ల చుట్లు విప్పాలో లెక్క వేసుకోండి, అదీ ప్రతి కణం విడిపోయిన ప్రతిసారీ. మోడల్ అందంగా ఉంది, మెకానికల్‌గా ఎలా సాధ్యం అని ఆయన ప్రశ్న. ఇంజినీర్ అడగాల్సిన ప్రశ్న అది. ఆయన చదివింది ఫిజిక్స్ కాబట్టి అడిగాడు.

జవాబు రెండు ముక్కలుగా దొరికింది. 1971లో జేమ్స్ వాంగ్ ఒక ఎంజైమ్‌ను పట్టుకున్నాడు. అది మోకును ఒకచోట కోసి, పురి వదలనిచ్చి, మళ్లీ అతికిస్తుంది. దాన్ని టోపోఐసోమెరేజ్ అంటారు. 1976లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో హార్ట్‌మూట్ హాఫ్‌మన్-బెర్లింగ్ బృందం ఈ-కోలై బ్యాక్టీరియాలో రెండో ముక్కను కనిపెట్టింది. అది రెండు పేటల మధ్య దూరి వాటిని విడదీసుకుంటూ నడిచే ఎంజైమ్. దీన్నే హెలికేజ్ అంటాం. 1990లో మనిషి కణాల్లో కూడా ఒకదాన్ని శుద్ధి చేసి చూపించారు, ఇటలీలోని ఒక ల్యాబ్‌లో. ఆ పేపర్ రాసిన వాళ్లలో మన దేశం వాళ్లు నరేంద్ర తుతేజా, రేణు తుతేజా ఉన్నారు.

స్పీడ్ చూడండి. ఈస్ట్‌లో కాపీ అయ్యే చోటు నిమిషానికి సుమారు 2,000 జతల వేగంతో కదులుతుంది. పదిన్నరతో భాగిస్తే నిమిషానికి 190 చుట్లు, మీడియంలో తిరుగుతున్న సీలింగ్ ఫ్యాన్ అనుకోండి. ఈ-కోలైలో సెకనుకు సుమారు 1,000 జతలు. అంటే నిమిషానికి 5,700 చుట్లు. బైక్ యాక్సిలరేటర్ గట్టిగా తిప్పితే మీటర్ మీద కనిపించే ఆర్‌పీఎం అది. ఇదంతా కంటికి కనిపించని ఒక కణం లోపల.

ఇంజిన్ అన్నాక పెట్రోల్ కావాలి కదా. హెలికేజ్‌కు పెట్రోల్ ఏటీపీ. దాదాపు ఒక్కో అక్షరం ముందుకు జరగడానికి ఒక్కో ఏటీపీ ఖర్చు. ఈ ఏటీపీ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇక్కడ మనవాడు ఒకాయన ఉన్నాడు.

యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీగారి పిలుపు విని ఖాదీ సర్జికల్ గౌన్ వేసుకున్నాడు, దాంతో పూర్తి ఎంబీబీఎస్ బదులు చిన్న డిగ్రీ చేతిలో పెట్టి పంపారు. 1922లో బోస్టన్ చేరాడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర చేరి, రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఒకటి తయారు చేశాడు. 1925లో వచ్చిన ఆ పద్ధతిని ఫిస్కే-సుబ్బారావు మెథడ్ అనే పేరుతోనే తర్వాత తరాల విద్యార్థులు నేర్చుకున్నారు. ఆ కొలతబద్ద చేతిలో పట్టుకుని కండరాల్లో వెతికితే 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనిపెట్టాడు. అందుకే చాలా పుస్తకాల్లో లోమన్ పేరు మాత్రమే కనిపిస్తుంది. నా దృష్టిలో అది అన్యాయం, కానీ లోమన్‌ది కాపీ కాదు, అదీ ఒప్పుకోవాలి.

హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయాడు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారు చేసింది. దానికి విరుగుడులా పనిచేసే అమినోప్టెరిన్‌ను కూడా. 1948లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకు ఇచ్చి, కొంతకాలమైనా జబ్బు తగ్గినట్టు చూపించాడు. ఫోలిక్ యాసిడ్ అందకపోతే కణం కొత్త డీఎన్ఏ కట్టుకోలేదు. క్యాన్సర్ కణం ఎక్కువగా చేసే పనే అది కాబట్టి అక్కడ దెబ్బ తగులుతుంది. అదే 1948 ఆగస్టులో సుబ్బారావు 53 ఏళ్లకే చనిపోయాడు. డీఎన్ఏ ఆకారం తెలియడానికి ఇంకా ఐదేళ్లు ఉంది. తాను కనిపెట్టిన ఏటీపీని కాల్చుకుంటూ డీఎన్ఏ మీద ఒక మోటార్ పరిగెడుతుందని ఆయనకు తెలిసే అవకాశమే లేదు.

ఇప్పుడు మళ్లీ ఈస్ట్‌కు వద్దాం. ఇంత పెద్ద ప్రపంచంలో సైంటిస్టులు ఈస్ట్ వెంటే ఎందుకు పడ్డారు? ఒకటి, గంటన్నరకు ఒకసారి రెండింతలవుతుంది. రెండు, మన కణంలాగే దానికీ న్యూక్లియస్ ఉంది, క్రోమోజోమ్‌లు ఉన్నాయి. మూడు, చిన్నది. జీనోమ్ మొత్తం 1 కోటి 20 లక్షల జతలు, 16 క్రోమోజోమ్‌లు, సుమారు 6,000 జీన్స్. న్యూక్లియస్ ఉన్న జీవుల్లో మొదట పూర్తిగా చదివిన జీనోమ్ ఈస్ట్‌దే, 1996లో. మనలాంటి వాళ్ల భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్ సర్వర్ మీద చేయి పెట్టకుండా టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో ఒక్కో ఫైల్ డిలీట్ చేసి ఏం విరుగుతుందో చూడొచ్చు.

అలా డిలీట్ చేస్తూ చేస్తూ దొరికినవే ఈస్ట్ హెలికేజ్‌లు. వాటి పేర్లు చూస్తే నవ్వొస్తుంది, కనిపెట్టినప్పుడు అవి హెలికేజ్‌లని ఎవరికీ తెలియదు. 1984లో కార్నెల్‌లో బిక్ టై ల్యాబ్, చిన్న ప్లాస్మిడ్‌లను కాపాడుకోలేని ఈస్ట్‌లను పట్టుకుని ఆ జీన్స్‌కు ఎంసీఎం అని పేరు పెట్టింది. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఆరు ఎంసీఎం ప్రొటీన్లు ఉంగరంలా కూర్చుని డీఎన్ఏను విప్పే మెయిన్ ఇంజిన్ అవేనని. మనలోనూ అవే ఆరు.

మెయిన్ ఇంజిన్ సంగతి అంతే. నాకు ఆసక్తి వేరే వాళ్ల మీద. లైన్ మీద ఏదైనా అడ్డం పడితే వచ్చి క్లియర్ చేసే గ్యాంగ్‌మెన్ లాంటి హెలికేజ్‌లు ఉన్నాయి. జీనోమ్ చెక్కుచెదరకుండా ఉంచేది వీళ్లే.

వాటిలో పెద్ద కథ ఎస్‌జీఎస్1ది. 1994లో రోడ్నీ రాథ్‌స్టీన్ ల్యాబ్‌లో ఒక ఈస్ట్ ఉండేది. దాంట్లో టాప్3 అనే టోపోఐసోమెరేజ్ పోయింది. అది కుంటుకుంటూ నిదానంగా పెరిగేది. ఇంకో జీన్ కూడా పాడైతే విచిత్రంగా మళ్లీ బాగా పెరగడం మొదలుపెట్టింది. ఒకటి పోతే జబ్బు, రెండూ పోతే కాస్త నయం. "స్లో గ్రోత్ సప్రెసర్" అని ఆ రెండో జీన్‌కు పేరు పెట్టారు, అదే ఎస్‌జీఎస్1.

ఎందుకిలా? డేటాబేస్‌తో పని చేసినవాళ్లకు ఇది వెంటనే వెలుగుతుంది. ఎస్‌జీఎస్1 పురి విప్పి ట్రాన్సాక్షన్ ఓపెన్ చేస్తుంది. టాప్3 కోసి అతికించి కమిట్ చేస్తుంది. కమిట్ చేసేవాడు లేనప్పుడు ఓపెన్ చేసేవాడు ఎంత పనిమంతుడైతే అంత ప్రమాదం, సగం సగం పనులన్నీ లాక్ అయి పడి ఉంటాయి. ఓపెన్ చేసేవాడు కూడా లేకపోతే సిస్టమ్ ఏదో వేరే దారిలో నెట్టుకొస్తుంది. కానీ నెట్టుకురావడం ఊరికే రాదు. ఎస్‌జీఎస్1 లేని ఈస్ట్‌లో డీఎన్ఏ ముక్కలు ఇష్టమొచ్చినట్టు ఒకదాంతో ఒకటి మారిపోతాయి, క్రోమోజోమ్‌లు తప్పుగా పంచుకుంటాయి.

ఆ జీన్ అక్షరాలు చదివితే ఈ-కోలైలో జపాన్ వాళ్లు 1984లో చెప్పిన రెక్‌క్యూ అనే జీన్‌తో పోలిక కనబడింది. ఇక్కడిదాకా ఇది ఈస్ట్ వాళ్ల ఇంటి గొడవ.

1995లో బాంబు పేలింది. న్యూయార్క్ స్కిన్ డాక్టర్ డేవిడ్ బ్లూమ్ 1954లో ఒక అరుదైన జబ్బు గురించి రాశాడు. పిల్లలు పుట్టుకతోనే చిన్నగా ఉంటారు, ఎండ తగిలితే ముఖం మీద ఎర్రటి మచ్చలు, చిన్న వయసులోనే క్యాన్సర్, అదీ ఒక్క రకం కాదు. వాళ్ల కణాలు చూస్తే జంట క్రోమోజోమ్‌ల మధ్య ముక్కలు మారడం మామూలు కంటే పది రెట్ల దాకా ఎక్కువ. 1995లో ఆ జబ్బుకు కారణమైన జీన్‌ను పట్టుకుని చదివారు. చూస్తే ఎస్‌జీఎస్1కు అన్న. మరుసటి సంవత్సరం వెర్నర్ సిండ్రోమ్ జీన్ దొరికింది. ఇరవైల్లోనే జుట్టు నెరిసి, ముప్పైల్లో కంటి శుక్లాలు వచ్చి, మనిషి తొందరగా ముసలివాడయ్యే జబ్బు అది. అదీ అదే కుటుంబం. 1999లో ఇంకోటి, రోత్‌మండ్-థామ్సన్ సిండ్రోమ్. మనిషిలో ఈ కుటుంబం హెలికేజ్‌లు ఐదు ఉన్నాయి, వాటిలో మూడు పాడైతే మూడు వేర్వేరు జబ్బులు.

1998లో జపాన్ పరిశోధకులు ఒక పని చేశారు. ఎస్‌జీఎస్1 లేని ఈస్ట్‌లో మనిషి బ్లూమ్ జీన్‌ను, వెర్నర్ జీన్‌ను పెట్టి చూశారు. ముక్కలు మారే గోల తగ్గింది! ఈస్ట్‌కూ మనకూ ఉమ్మడి పూర్వీకుడు వంద కోట్ల సంవత్సరాల వెనకటివాడు. అయినా మన స్పేర్ పార్ట్ దాని బండికి ఫిట్ అయింది. దీన్ని చదివిన రోజు నేను ఆఫీస్ క్యాబ్‌లో ఉన్నా, దిగాల్సిన స్టాప్ దాటిపోయింది.

ఇంకో రెండింటి గురించి త్వరగా చెప్తా. పిఫ్1ను 1983లో బెల్జియంలో ఫ్రాన్స్వాజ్ ఫూరీ మైటోకాండ్రియా మీద పని చేస్తూ పట్టుకుంది. 1994లో వర్జీనియా జాకియన్ ల్యాబ్ దానికి ఇంకో ఉద్యోగం ఉందని చూపించింది. క్రోమోజోమ్ చివర ఉండే టెలోమియర్ అతిగా పెరగకుండా అది ఆపుతుంది. మూడో ఉద్యోగం 2011లో బయటపడింది. డీఎన్ఏలో జీ అక్షరాలు గుంపుగా ఉన్నచోట పేట తనమీద తానే మడతపడి ముడి వేసుకుంటుంది. జీ-క్వాడ్రుప్లెక్స్ అంటారు. బట్టల దారం ముడి ఉంటుంది చూడండి, గోటితో కూడా రానిది, అలాంటిది. పిఫ్1 వచ్చి ఆ ముడి విప్పుతుంది. పిఫ్1 లేకపోతే కాపీ మిషన్ అక్కడ ఆగి, డీఎన్ఏ తెగుతుంది. దాని చెల్లెలు ఆర్ఆర్ఎమ్3 అడ్డంగా కూర్చున్న ప్రొటీన్లను లేపుతుంది, ఈస్ట్ జీనోమ్‌లో వెయ్యికి పైగా చోట్ల. అది లేకపోతే ఆ వెయ్యి చోట్లా ట్రాఫిక్ జామ్.

సరే, హైదరాబాద్ ఎక్కడ వచ్చింది ఇందులో?

మా ఊరు కాజీపేట-సికింద్రాబాద్ లైన్ మీద ఉంది. ఇప్పుడు రెండు లైన్లు ఉన్నాయి కాబట్టి సమస్య లేదు. ఒకే పట్టా మీద గూడ్స్ బండి నెమ్మదిగా పోతుంటే వెనక నుంచి ఎక్స్‌ప్రెస్ వస్తే ఎలా ఉంటుందో ఊహించండి. డీఎన్ఏ సరిగ్గా అలాంటి సింగిల్ లైన్. దాన్ని కాపీ చేసే మిషన్ ఒకటి, దాన్ని చదివి ఆర్ఎన్ఏ తయారు చేసే మిషన్ ఇంకోటి, రెండూ అదే పట్టా మీద. చదివే మిషన్ తయారుచేసిన ఆర్ఎన్ఏ మామూలుగా తోకలా బయటికి వేలాడుతూ పోవాలి. ఒక్కోసారి అది వెనక్కి తిరిగి డీఎన్ఏ పేటకే అతుక్కుంటుంది. రెండో పేట ఒంటరిగా బయట వేలాడుతుంది. దీన్ని ఆర్-లూప్ అంటారు. వెనక నుంచి కాపీ మిషన్ వచ్చిందా, యాక్సిడెంట్.

హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ, అంటే సెంటర్ ఫర్ డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నొస్టిక్స్, పేరు వినగానే క్రైమ్ కేసులు గుర్తొస్తాయి. కానీ అక్కడ జె. గౌరీశంకర్ ల్యాబ్ చాలా ఏళ్లు ఈ ఆర్-లూప్‌ల మీదే కూర్చుంది. ఈ-కోలైలో రో అనే ప్రొటీన్ ఉంటుంది, అదీ ఆరు ముక్కల ఉంగరం లాంటి హెలికేజే. చదివే మిషన్ అనవసరంగా ముందుకు పోతుంటే ఆర్ఎన్ఏ పట్టుకుని ఎక్కి ఆపేస్తుంది. రో లేకపోతే ఈ-కోలై బతకదు. ఎందుకు బతకదు? చదవకూడని జీన్స్ చదివేస్తున్నందుకా, ఇంకేదైనా కారణమా?

ఆ బృందం వేసిన ఎత్తు చూడండి. టీ4 అనే వైరస్‌లో యూవీఎస్‌డబ్ల్యూ అని ఒక హెలికేజ్ ఉంది, ఆర్-లూప్‌లు విప్పడం దానికి తెలుసు. దాన్ని తెచ్చి ఈ-కోలైలో పెట్టారు. పెట్టాక రో జీన్‌ను తీసేశారు. బ్యాక్టీరియా బతికింది! అంటే రో లేనప్పుడు చంపుతున్నది ప్రధానంగా ఆర్-లూప్‌లే. 2013లో అమెరికా సైన్స్ అకాడమీ జర్నల్ పీఎన్ఏఎస్‌లో వచ్చింది ఇది. నాకు ఇందులో నచ్చేది లాజిక్. ఒక పార్ట్ తీసేశాం, బండి ఆగింది. ఆ పార్ట్ చేసే పది పనుల్లో ఒక్కటి మాత్రమే చేసే వేరే పార్ట్ పెట్టాం, బండి కదిలింది. కాబట్టి ఆగడానికి కారణం ఆ ఒక్క పనే. డీబగ్గింగ్ అంటే ఇదే కదా. మన సిటీలో, మన సిటీ బస్సులు తిరిగే దారిలో జరిగింది. మనలో ఎంతమందికి తెలుసు?

ఈస్ట్‌లో ఈ పని చేసేది సెన్1 అనే హెలికేజ్. 2011లో చూపించారు, సెన్1 సరిగ్గా పని చేయని ఈస్ట్‌లో ఆర్-లూప్‌లు పేరుకుపోయి డీఎన్ఏ దెబ్బతింటుందని. మనిషిలో దీని అన్న పేరు సెనటాక్సిన్. 2004లోనే ఆ జీన్‌లో తప్పులు రెండు నరాల జబ్బులకు కారణమని తేలింది. ఒకటి టీనేజ్‌లో మొదలై నడక తూలిపోయే అటాక్సియా. రెండోది చిన్న వయసులో వచ్చే ఒక రకం ఏఎల్ఎస్.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న విషయానికి వస్తున్నా. కొంచెం జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఇది మన ఇళ్లలో మాట్లాడుకోని విషయం.

బ్లూమ్, వెర్నర్, ఆ అటాక్సియా, ఇంకా ఫాంకోని ఎనీమియా అని మరొకటి ఉంది. 1927లో స్విస్ డాక్టర్ గ్విడో ఫాంకోని ముగ్గురు అన్నదమ్ముల్లో చూశాడు, ఎముకల మూలుగ ఆరిపోయే జబ్బు. ఇది చాలా జీన్స్‌లో దేని తప్పు వల్లనైనా రావచ్చు, వాటిలో ఎఫ్ఏఎన్‌సీజే అనేది హెలికేజ్. వీటన్నిటిలో ఉమ్మడి విషయం ఒకటుంది. ఒక్క కాపీ పాడైతే ఈ జబ్బు రాదు, రెండో కాపీ పని నడిపిస్తుంది. అమ్మ నుంచి ఒక పాడైన కాపీ, నాన్న నుంచి ఒక పాడైన కాపీ, రెండూ ఒకే బిడ్డకు వస్తేనే జబ్బు. ఎక్కడో పుట్టిన ఇద్దరిలో ఒకే అరుదైన జీన్ పాడై ఉండటం చాలా అరుదు. కానీ మేనరికంలో?

మేనబావ మేనమరదలు పెళ్లి చేసుకుంటే, వాళ్ల బిడ్డకు ఏదైనా ఒక జీన్ రెండు కాపీలూ ఒకే తాతమ్మల నుంచి వచ్చే అవకాశం 16లో 1. మేనమామ మేనకోడలు అయితే 8లో 1. "మా నాయినమ్మ తాత మేనరికమే, అందరం బాగానే ఉన్నం" అంటారు. నిజమే, ఎక్కువమంది పిల్లలు బాగానే పుడతారు. దగ్గరి కజిన్స్ పెళ్లిలో పుట్టుకతో వచ్చే తీవ్రమైన సమస్యల అవకాశం మామూలు వాళ్లకు ఉండేదానిపైన మరో రెండు మూడు శాతం పెరుగుతుంది, అంతే. కానీ ఆ శాతంలో పడిన ఇంటికి అది నూటికి నూరు. పైగా తరతరాలుగా అదే ఇంటి వాళ్లతో చేసుకుంటూ పోతే లెక్క ఇంకా మారుతుంది.

నేను ఎవరి పెళ్లినీ తప్పుపట్టట్లేదు. భూమి చీలకుండా ఉండాలనీ, తెలిసిన ఇంట్లో ఆడపిల్ల ఉండాలనీ మనవాళ్లు ఇలా చేసుకున్నారు, వాళ్ల కారణాలు వాళ్లవి. నాకు కోపం వచ్చేది వేరే చోట. అలాంటి బిడ్డ పుడితే "ఆ పిల్ల జాతకం", "తల్లి గ్రహణం రోజు బయటికి వెళ్లింది" అని తల్లి మీద పడతారు. ఇద్దరి నుంచీ చెరో కాపీ వస్తేనే వచ్చే జబ్బుకు ఒక్కరినే నిలబెట్టడం ఏం లెక్క?

ఇంకో ప్రాక్టికల్ విషయం. బ్లూమ్, ఫాంకోని పిల్లలకు క్యాన్సర్ వస్తే మామూలు డోసుల్లో కీమో, రేడియేషన్ ఇవ్వకూడదు. ఆ చికిత్సలు డీఎన్ఏను తెంపి చంపుతాయి, వీళ్ల కణాలకు తెగిన డీఎన్ఏను సరిచేసుకునే శక్తే తక్కువ. అందరికీ ఇచ్చే మందు వీళ్లకు విషమవుతుంది. ఫాంకోనిలో మూలుగ మార్పిడి చేసేటప్పుడు కూడా ముందు ఇచ్చే మందుల డోసు తగ్గించాలి. అంటే డాక్టర్‌కు జబ్బు పేరు ముందే తెలియడం ప్రాణం సంగతి. బ్లూమ్ లాంటి వాటికి ప్రపంచం మొత్తమ్మీద నమోదైన కేసులు కొన్ని వందలే, కాబట్టి ప్రతి డాక్టర్‌కూ గుర్తుకు రాదు. ఇంట్లో మేనరికం ఉంటే, బిడ్డ ఎదుగుదల లేక, రక్తం తగ్గిపోతూ, లేదా నడక తూలుతూ ఉంటే, డాక్టర్ అడగకపోయినా మేనరికం అని మీరే చెప్పండి. హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, సీడీఎఫ్‌డీలో జన్యు పరీక్షల విభాగం ఉంది. రక్తం పరీక్షతో ఏ జీన్‌లో తప్పు ఉందో పట్టుకోవచ్చు, తర్వాతి కాన్పుకు ముందే ఏం చేయాలో కౌన్సెలింగ్ ఇస్తారు.

చివరగా కొత్త కబురు ఒకటి. ఇప్పటిదాకా హెలికేజ్ పోతే నష్టం అని చెప్పా. 2019లో కొన్ని బృందాలు విడివిడిగా ఒక వింత చూశాయి. పెద్దపేగు, గర్భాశయం క్యాన్సర్లలో కొన్నింటికి స్పెల్లింగ్ చెక్ చేసే రిపేర్ వ్యవస్థ పోయి ఉంటుంది. వాటిలో టీఏ టీఏ టీఏ అంటూ ఒకే అక్షరాలు రిపీటయ్యే చోట్లు కాలంతో సాగిపోయి, మడతలు పడతాయి. ఆ మడతలు విప్పి క్యాన్సర్ కణాన్ని బతికిస్తున్నది ఎవరో తెలుసా? వెర్నర్ హెలికేజ్. దాన్ని ఆపేస్తే ఆ క్యాన్సర్ కణాలు చస్తాయి, మామూలు కణాలకు పెద్దగా ఏమీ కాదు. ఎస్‌జీఎస్1, టాప్3 కథలోని ఆ విచిత్రమైన లెక్కనే తిరగేసి వాడటం ఇది. అక్కడ రెండోది పోతే నయమైంది, ఇక్కడ రెండోది పోతే చావు. వెర్నర్‌ను ఆపే మందుల మీద మనుషుల్లో ట్రయల్స్ మొదలయ్యాయి.

వచ్చే వారం పాపన్న కోట దగ్గరే షూట్ చేస్తున్నాం, ఖాఫీ ఖాన్ రాసింది ఒకవైపు, జానపద కథ ఒకవైపు పెట్టుకుని చూద్దాం. ఉంటా మరి.